గొర్రు వెంట నడచిన చేయి

అనంతపురము జిల్లా కంబదూరులోని ప్రాచీన మల్లికార్జునాలయమును చూడవచ్చు చరిత్రకారుడు రాతికంబముల పనితనమును పరిశీలించి తృప్తుడై మరలును గాని, ఆ ఊరి చుట్టునున్న ఎఱ్ఱనేలలలో తరతరములుగా విత్తిన చేతుల నైపుణ్యమును విచారింపడు. మన శాసనములు చెఱువును, దానమిచ్చిన మడిని, దాత బిరుదములను చెప్పును. విత్తునప్పుడు పిడికిలి ఎంత సడలింపవలెనో చెప్పవు. తెలిసినవారికే అది మాటలలో పెట్ట శక్యము గాకుండెను.

ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ జిల్లాలో, మృగశిర ఆరుద్రలలో ఒక్క పదునువాన పడగానే, రైతు గుప్పెడు మట్టి పెల్లగించి అరచేత నొక్కి చూచును. ముద్దయై, వ్రేలు తాకినంతనే విచ్చిపోయినచో గొర్రు కట్టును, చేతికంటుకొన్నచో ఆగును, పొడిగా రాలినచో మఱియొక వానకై ఎదురుచూచును. పిమ్మట విత్తువారి పని. గొర్రుమీది విత్తుగిన్నెయగు జడ్డిగములో పిడికెడు కొఱ్ఱలు పోయుచు, ఎద్దుల నడక వేగిరమైనప్పుడు వ్రేళ్ల సందు కొంచెము విప్పి, మందమైనప్పుడు బిగించి, వెదురు గొట్టములన్నిటికి గింజ సమముగా జారునట్లు నడువవలెను. ఒత్తుగా పడినచో మొక్కలు ఒకదాని తడిని మఱియొకటి త్రాగి ఎండును. పలుచనైనచో కలుపు పెరుగును. ఎట్లు చేయుదువని అడిగినచో, “సూసి నేర్సుకోల్లప్పా, సెప్పేదేముంది” అనుటయే జవాబు.

ఇంగ్లండులో జెత్రో టల్ 1701 ప్రాంతమున విత్తనయంత్రము నిర్మించెనని పాఠములలో చదువుకొంటిమి. అయితే దక్షిణదేశపు రైతులు అనాదిగా గొర్రుతో విత్తుచుండుట చూచి కెప్టెన్ హాల్కాట్ 1795 లో విస్మయముతో వ్రాసిన లేఖను చరిత్రకారుడు ధర్మపాల్ 1971 లో తన గ్రంథమున మరల ప్రకటించెను. గొర్రును కొలిచి, బొమ్మ గీచి చూపవచ్చును. చేతి ఎఱుకను అట్లు చూపుట దుర్ఘటము. నోటికి రాని ఎఱుకయు ఎఱుకయేనని తత్త్వవేత్త మైకేల్ పొలానీ 1966 లో ఒక పుస్తకమే వ్రాసెను. మన పల్లెలకు ఆ సిద్ధాంతము కొత్త గాదు.

ఇరువదవ శతాబ్దమున వేరుసెనగ విస్తరించి కొఱ్ఱ చేలను చాలవఱకు మ్రింగివేసెను; ట్రాక్టరు గొర్రులో గింజల ఎడమును చక్రమే నిర్ణయించుచున్నది. పదును చూచుట మాత్రము నేటికిని అరచేతి పనియే. జడ్డిగము పట్టిన వృద్ధులు ఇంకను కొందఱున్నారు. వ్యవసాయ చరిత్ర వ్రాయబూనువారు ప్రశ్నావళులు కట్టిపెట్టి, వారిచేత ఒక్క చెక్క విత్తించి, ఆ చేతి కదలికను చలనచిత్రముగా పట్టి భద్రపఱుపవలెను.