మూటను బట్టి కుర్చీ

మోటార్‌సైకిలు మీద లేహ్‌కో లంబసింగికో బయలుదేరేవాళ్ళు గుడారం విషయంలో పెద్దగా తర్జనభర్జన పడరు. ఎందరు పడుకోవాలో, ఎంత చలి ఉంటుందో తెలిస్తే అది తేలిపోతుంది. చిక్కంతా కుర్చీ దగ్గరే. మెత్తగా ఉందా, వీపు ఆనుతుందా, ఎంత బరువు ఆపుతుంది అని ఆరా తీసి కొంటారు. తీరా సామాను కట్టే రోజున అది ఏ సంచిలోనూ పట్టదు. వాళ్ళను తప్పుపట్టలేం, కుర్చీ అనగానే ఎవరికైనా కూర్చోవడమే గుర్తొస్తుంది. అయితే క్యాంపు కుర్చీ పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే, దాని రూపురేఖల్ని తేల్చినవాడు కూర్చున్న మనిషి కాదని తెలుస్తుంది. ఏ కాలంలో దాన్ని ఏది మోసిందో ఆ మోసినదే దాని కొలతలు నిర్ణయించింది. కంచరగాడిద ఒక కుర్చీని చేయించింది, కారు డిక్కీ ఇంకొకదాన్ని చేయించింది. మోటార్‌సైకిలు వచ్చి మళ్ళీ కంచరగాడిద కొలతల్నే అడిగింది.

మడిచే ఆసనం మాత్రం చాలా పాతది. 1922లో బయటపడ్డ టుటంకమూన్ సమాధిలో మడత పీటలతో పాటు మడత మంచం కూడా ఉంది. రోమన్ ఉన్నతాధికారుల హోదాకు గుర్తుగా ఉండిన కురూల్ ఆసనం కత్తెర కాళ్ళదే. క్యాంపు కుర్చీ గురించి రాసేవాళ్ళు సాధారణంగా వంశవృక్షాన్ని ఇక్కడి నుంచే మొదలుపెడతారు. అది నాకు సమ్మతం కాదు. మడవడం వేరు, మూట కట్టడం వేరు. మన టెంట్ హౌస్‌లో అద్దెకిచ్చే ఇనప మడత కుర్చీనే చూడండి. మడిస్తే మందం తగ్గుతుంది గానీ పొడవూ వెడల్పూ అలాగే ఉంటాయి. పెళ్ళి పందిరికి లారీలో రెండు వందలు పేర్చాలంటే కావలసింది అదే. ఒకే ఒక్క కుర్చీని కొండదారిన తీసుకుపోయేవాడికి మందంతో పేచీ లేదు, ప్రాణం తీసేది పొడవు. ఈ పొడవు సంగతి తేల్చిన కుర్చీ పందొమ్మిదో శతాబ్ది చివరి రోజుల్లో మన దేశపు ఊరి పేరుతోనే లోకానికి తెలిసింది. ఆ ఊరు గంగ కాలువ ఒడ్డునున్న రూర్కీ.

రూర్కీ అప్పటికే ఇంజనీర్ల ఊరు. గంగ కాలువ పనుల కోసం 1847లో అక్కడ పెట్టిన కళాశాలే ఇప్పటి ఐఐటీ. 1853 నుంచి బెంగాల్ శాపర్స్ అండ్ మైనర్స్ దళానికీ అదే కేంద్రం. ఆ కుర్చీకి ముందు బ్రిటిష్ అధికారి దండు సామానంటే ఇత్తడి మూలలు కొట్టిన టేకు పెట్టెలు, ముక్కలుగా విడిపోయే భోజనం బల్లలు, పందిరి మంచాలు. ఏనుగులూ ఒంటెలూ ఎడ్లబండ్లూ ఉన్నంతకాలం వాటి బరువు ఎవరికీ పట్టలేదు. వాయవ్య సరిహద్దు కొండల్లో పోరాటాలు మొదలయ్యాక బండి దారి ఎక్కడో ఆగిపోయి, అక్కడి నుంచి సామానంతా కంచరగాడిద మీదికి ఎక్కింది. అది మోసేది దాదాపు డెబ్బై, ఎనభై కిలోలు. అదీ రెండు పక్కలా సమానంగా తూగాలి. పొడవాటి కర్ర ఒకటి పక్కకు పొడుచుకొచ్చి ఇరుకు దారిలో బండకు తగిలిందంటే మూటతో పాటు జంతువు కూడా లోయలో పడుతుంది. 1899లో మొదలైన బోయర్ యుద్ధం నాటికి ఇత్తడి మూలల పెట్టెలకు దాదాపుగా కాలం చెల్లింది.

రూర్కీ కుర్చీని దగ్గరగా చూస్తే ఈ లెక్కంతా కనబడుతుంది. నాలుగు కాళ్ళు, వాటిని కలిపే నాలుగు అడ్డకర్రలు, వీపుకు రెండు కర్రలు, పైన కాన్వాసు, చేతులు ఆనించడానికి తోలు పట్టీలు. చట్రంలో ఎక్కడా మేకు గానీ జిగురు గానీ లేదు. అడ్డకర్ర కొసను సన్నగా కోసుదేరేటట్టు చెక్కి, కాలికి అదే వాలులో తొలిచిన బెజ్జంలో దూరుస్తారు, అంతే. ఖాళీ కుర్చీని చేత్తో ఊపితే లొడలొడలాడుతుంది. ఏ వడ్రంగైనా చూసి మొహం చిట్లిస్తాడు. మనిషి అందులో కూర్చోగానే కాన్వాసు కిందికి జారి పక్క కర్రల్ని లోపలికి గుంజుతుంది, ఆ గుంజుడుకు కొసలు బెజ్జాల్లోకి బిగుసుకుంటాయి. ఎంత బరువు పడితే అంత బిగువు. కీళ్ళు వదులు గనక ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ళూ దేని చోటు అది చూసుకుంటాయి. వీపు పట్టీ రెండు బోల్టుల మీద తిరుగుతూ కూర్చున్నవాడి వాలుకు తగ్గట్టు ఒరుగుతుంది. లేచాక కర్రలు ఊడబెరికి కాన్వాసులో చుట్టి తాడు కడితే చంకలో పెట్టుకోదగ్గ కట్ట. పొడవైన ముక్కంటూ ఒక్కటీ మిగలదు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఒకటి వస్తుంది. ఆ అధికారి తన కుర్చీని ఎన్నడైనా మోశాడా? మోయలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో కలెక్టరు జమాబందీకి బయలుదేరితే డేరాలు ఎడ్లబండ్ల మీద ముందే వెళ్ళేవి. దొర గుర్రం దిగేసరికి బిళ్ళబంట్రోతులు బల్లా కుర్చీ వేసి ఉంచేవాళ్ళు, కరణం మునసబులు లెక్కల కట్టలతో ఎదురుగా నిలబడేవాళ్ళు. నైజాం తెలంగాణలో ఊరికొచ్చిన ఉద్యోగి సామాను మోయడం వెట్టిలో భాగం. నేల మీద కూర్చునే జనం మధ్య కుర్చీ ఎత్తున కూర్చోవడమే అధికారం కాబట్టి ఈ సామానుకు అసలు కారణం హోదాయేనని, మోత లెక్క తర్వాతి మాటేనని ఎవరైనా అనవచ్చు. అందులో సగం నిజం. కుర్చీ ఎందుకు వెంట వచ్చిందంటే హోదా కోసమే. ఆ కుర్చీ కర్రలకట్టగా ఎందుకు మారిందన్న ప్రశ్నకు మాత్రం హోదాలో జవాబు దొరకదు. హోదా ఒక్కటే లెక్కయితే టేకు సింహాసనాలే కొండలెక్కేవి. మోసేవాడి కష్టాన్ని చూసి దొర జాలిపడలేదు. జంతువుకు ఇంత అని కొలిచి పెట్టిన మోత ఆయన చేతుల్ని కట్టేసింది. మోసేది మనిషైన చోట అటువంటి కొలత అక్కరకు రాలేదన్నదీ ఈ చరిత్రలో భాగమే.

రూర్కీకి సమాంతరంగా మరో దారి నడిచింది. జోసెఫ్ బెవర్లీ ఫెన్‌బీ అనే బ్రిటిష్ ఇంజనీరు 1877లో పేటెంటు తీసుకున్న కుర్చీలో కర్రలు లోహపు కీళ్ళ మీద కత్తెరలా విచ్చుకుంటాయి. పైకి నిలిచిన నాలుగు కొసలకు గుడ్డ నాలుగు మూలల్నీ తొడిగితే ఆసనం సిద్ధం. సైన్యాలు దాన్ని ఆదరించాయి, ఇటలీలో ట్రిపోలినా అన్నారు. 1938లో బ్యూనస్ ఐరిస్‌లో బోనెట్, కుర్చాన్, ఫెరారీ హార్డోయ్ అనే ముగ్గురు వాస్తుశిల్పులు అదే వేలాడే ఆసనాన్ని వంచిన ఇనప కడ్డీ మీద పెట్టి సీతాకోకచిలుక కుర్చీ చేశారు. చూడ్డానికి బాగుంటుంది, మడవడానికి వీల్లేదు. ఇంట్లోకి చేరిన కుర్చీకి మోత లెక్కతో పని లేకపోయింది మరి. డెన్మార్క్‌లో కోరె క్లింట్ 1933లో చేసిన సఫారీ కుర్చీ రూర్కీ విద్యను పూర్తిగా నిలుపుకుంది. ఈ రెండు కుర్చీల్లో నా ఓటు క్లింట్‌దానికే.

కారు రావడంతో లెక్క మారింది. డిక్కీకి మీటరు పొడవు ఒక సమస్యే కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అల్యూమినియం గొట్టాలు చౌకయ్యాక అమెరికా పెరళ్ళలోకి నవారు పట్టీల మడత కుర్చీలు వచ్చాయి, తర్వాత గొడుగులా ముడుచుకుని పొడుగు సంచిలోకి వెళ్ళే చేతుల కుర్చీలు వచ్చాయి. ఇవాళ మన ఊళ్ళలో కూడా క్యాంపింగ్ చైర్ అని అడిగితే ముందు చూపించేది ఈ రెండో రకాన్నే. ధర తక్కువ, కూర్చుంటే హాయిగా ఉంటుంది, పొడవు మీటరుకు కాస్త అటూ ఇటూ. బైకు మీద దాన్ని కట్టాలంటే సీటుకు అడ్డంగా పెట్టాలి, అప్పుడది రెండు పక్కలా పొడుచుకొస్తుంది. సరిహద్దు కొండల్లో కంచరగాడిదకు వచ్చిన కష్టమే అది.

ఆ కష్టానికి అమెరికా మోటార్‌సైకిలు ప్రయాణికుల్లో మొదట పేరు తెచ్చుకున్న జవాబు టెనెసీలో తయారైన కెర్మిట్ చైర్. ఓక్ చెక్క చట్రం, నైలాన్ గుడ్డ. సినిమా దర్శకుల కుర్చీకి తమ్ముడిలా ఉంటుంది. కాళ్ళు విడదీసి సంచిలో పెడితే పొడవు సుమారు యాభై అయిదు సెంటీమీటర్లు, బరువు రెండున్నర కిలోలు. దక్షిణ కొరియాలో గుడారాల అల్యూమినియం కడ్డీలు చేసే డీఏసీ సంస్థ నుంచి పుట్టిన హెలినాక్స్, 2012లో చైర్ వన్ తెచ్చి ఆ లెక్కను ఇంకా కిందికి దించింది. లోపల సాగే తాడుతో కలిపి ఉంచిన కడ్డీలు విదిలిస్తే వాటంతట అవే ఒకదాన్నొకటి అందుకుంటాయి, గుడ్డ నాలుగు మూలల్నీ నాలుగు కొసలకు తొడగాలి. కట్ట పొడవు 35 సెంటీమీటర్లు, బరువు కిలో లోపు, మోసేది 145 కిలోలు. వేలాడే గుడ్డ ఫెన్‌బీది. ముక్కలుగా విడిపోయి కూర్చున్న బరువుకే బిగుసుకునే చట్రం రూర్కీది.

ఇదంతా మిశ్రమలోహం మహిమ, వాహనం ప్రసక్తి దేనికి అని ఇంజనీర్లు అడుగుతారు. బరువు కిలో లోపుకు దిగడం లోహం చలవే, ఒప్పుకుంటాను. కానీ అల్యూమినియం గొట్టం 1940ల నుంచే కుర్చీల్లో ఉంది. సాగే తాడు కడ్డీలు గుడారాల్లోకి వచ్చీ దశాబ్దాలైంది. రెండూ చేతిలో ఉండి కూడా అన్నేళ్ళు మీటరు పొడవు కుర్చీలే చేశారంటే, కొనేవాళ్ళలో ఎక్కువమంది కారులో వెళ్ళడమే కారణం. చైర్ వన్‌ను మోటార్‌సైకిలు కోసమే చేయలేదు గదా అన్నది ఇంకో మాట. నిజమే, వీపున సంచి వేసుకుని నడిచేవాళ్ళు కూడా దానికి గిరాకీ తెచ్చారు. మనిషి వీపైనా, బైకు పక్కనుండే శాడిల్ బ్యాగైనా, గాడిద డొక్కైనా ఇరుకు చోట్లే. రూర్కీ రోజులకూ ఇప్పటికీ ఒక్క తేడా ఉంది. కూర్చునేవాడే మోసుకుపోతున్నాడు, అందుకే బరువు ఇంతగా తగ్గింది.

బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చునే అలవాటున్న మనకు ఈ దొరల సామాను దేనికని అడిగేవాళ్ళూ ఉన్నారు. పంచెకట్టులో అది న్యాయమైన ప్రశ్న. మోకాళ్ళకు రక్షణ చిప్పలున్న రైడింగ్ ప్యాంటు, పిక్కల దాకా బూట్లు వేసుకుని రోజంతా హ్యాండిల్ పట్టుకున్నవాడు సాయంత్రం మంచుకు తడిసిన నేల మీద మఠం వేయలేడు, వేసినా లేవలేడు. వీపు ఆనే చోటు అతనికి విలాసమేమీ కాదు.

కాబట్టి కొనేటప్పుడు వరస తిరగేయండి. దుకాణానికి వెళ్ళేముందు టేపు పట్టి శాడిల్ బ్యాగ్ లోపలి పొడవు కొలవండి, అంతకు మించిన కుర్చీని చేత్తో కూడా ముట్టుకోకండి. ఆ తర్వాత బరువు, ఆ తర్వాతే మెత్తదనం. కిలో లోపు కుర్చీలు నేలకు బాగా దగ్గరగా ఉంటాయి, వాటి సన్నటి కాళ్ళు ఇసుకలో దిగబడతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బరువు ఒకటిన్నర కిలో పెరిగినా కెర్మిట్ తరహా ఎత్తు కుర్చీయే తీసుకోవాలి, దానికి చోటు వెనక సీటు మీది సంచిలో, పొడవు వైపున.