తల్లి లేని బాలుడు, బెత్తము పట్టిన బడి

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడూళ్లును 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఒక్క జిల్లాలోనివి కావు. మొదటిది కడప కలెక్టరు పాలనలోను, తక్కిన రెండును ఉత్తర ఆర్కాటు జమీందారీలలోను ఉండెడివి. అయినను, తెలుగునాట నంతటివలెనే, మాట విననివానికి అచ్చటి వీథిబడులు ఎరిగిన చికిత్స ఒక్కటే: బెత్తము, గోడకుర్చీ, తొడపాశము, అవి చాలనిచో దూలమునకు వ్రేలాడదీయు కోదండము. ఇంగ్లీషు హైస్కూళ్లు వచ్చిన పిమ్మట కోదండము మూలబడెను గాని బెత్తము మూలబడలేదు. అల్లరిని, మౌనమును, పరాకును ఒక్క దోషముగనే ఎంచి ఒక్క దండముతోనే దిద్దజూచిన యా పద్ధతికి బలియైన బాలుర కథలను ఎవరును వ్రాసిపెట్టలేదు. ఒక్కని కథ మాత్రము, అతడు తరువాత లోకవిఖ్యాతుడగుటచేత, మనకు దక్కినది.

జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించెను. ఎనిమిదవ సంతానమగుటచే దేవకీనందనుని పేరు పెట్టిరి. తండ్రి నారాయణయ్య రెవిన్యూ ఉద్యోగి. బదిలీల వెంట కుటుంబము కడప, కదిరి, రాయచోటి యనుచు తిరుగుచుండగా, రెండేండ్ల ప్రాయమున పట్టిన మలేరియా పిల్లవానిని ఏండ్ల తరబడి పీడించుటచేత, అతడు బడిలో గడపిన దినములకంటె తల్లి సంజీవమ్మ చెంత గడపినవే మిక్కుటమయ్యెను. 1904లో అక్కగారు, మరుసటి యేడు డిసెంబరులో కడపయందు తల్లియు కన్నుమూసిరి. అప్పటికి బాలునికి పదేండ్లు. తల్లి పోయిన పిదపను ఆమె తనకు కనబడుచుండెడిదని అతడే పదునెనిమిదేండ్ల ప్రాయమున వ్రాసికొనెను.

ఉద్యోగ విరమణానంతరము నారాయణయ్య 1909 జనవరిలో కుమారులతో మద్రాసులోని దివ్యజ్ఞాన సమాజ కేంద్రమైన అడయారు చేరెను. మైలాపూరు బడిలో కృష్ణమూర్తి పాఠము అప్పజెప్పలేక దాదాపు ప్రతిదినమును దెబ్బలు తినెడివాడు. వరండాలో నిలుచుండుమని పంపిన యుపాధ్యాయుడు ఆ సంగతియే మరచినను, రమ్మని పిలుచువరకు లోనికి రాడు. తుదకు తమ్ముడు నిత్యానందము అన్న చేయిపట్టి ఇంటికి తోడ్కొని పోవలసినదే. అందరును మందబుద్ధి యనిన యీ పిల్లవాడే ఇంటిలో గడియారమును విప్పి, మరల కూర్చి నడిపించువరకు కదలక కూర్చుండెను! బుద్ధి లేని వానికి ఇంతటి ఏకాగ్రత ఎట్లబ్బును? ఆ మౌనము మాంద్యము కాదు, చెప్పుకొన దిక్కులేని దుఃఖమే యని నేను దృఢముగా నమ్ముచున్నాను. తల్లికి దూరమైన శిశువుల మనఃస్థితిని గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థకై ఆంగ్లేయ వైద్యుడు జాన్ బౌల్బీ నివేదిక వ్రాసినది 1951లో. నాటి పంతులుగారికి అట్టి మాట చెప్పువారు లేరు.

1909లోనే దివ్యజ్ఞాన సమాజమునకు చెందిన లెడ్‌బీటరు ఈ బాలుని భావి జగద్గురువుగా నెంచి, బడిదెబ్బలు తప్పించెను. 1910లో ఆ సమాజాధ్యక్షురాలు అనీబిసెంటు అన్నదమ్ములకు సంరక్షకురాలయ్యెను. బెత్తము తప్పినది గాని, చిన్న భుజములమీద అంతకు మించిన బరువు పడెను. తరువాత తండ్రి మనసు మార్చుకొని, పిల్లలను లెడ్‌బీటరు సమీపమున నుంచరాదని పట్టుబట్టి, 1912లో దావా వేసెను. 1913 ఏప్రిలులో మద్రాసు హైకోర్టు అతని పక్షమున తీర్పు చెప్పెను. లండనులోని ప్రివీ కౌన్సిలు మాత్రము 1914లో ఆ తీర్పును కొట్టివేసెను. సంరక్షకత్వము తండ్రికి పవిత్రమైన నిక్షేపమని, దానిని శాశ్వతముగా పరులకు ధారపోయుట చెల్లదని అంగీకరించుచునే, పిల్లల ఇష్టమేమో విచారింపకుండుట దోషమని ఎత్తిచూపెను. పిల్లలను గూర్చి ఇన్నియేండ్లు పోరాడిన పెద్దలకు ఈ సంగతి అంతవరకు తట్టకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించును.

చదువుకై చేరిన ఇంగ్లండులో లేడీ ఎమిలీ లట్యెన్సు కృష్ణమూర్తికి మాతృస్థానీయురాలై, తన యైదుగురు బిడ్డలతోపాటు ఇతనికిని మమత పంచెను. లండను విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో మాత్రము అతడు మరల మరల తప్పుచునే యుండెను. చిన్ననాటి ఏకైక తోడైన నిత్యానందము 1925 నవంబరులో క్షయవ్యాధితో మరణించెను.

మరుసటి యేడు మదనపల్లెకు చేరువనే ఋషివ్యాలీ విద్యాసంస్థకు అంకురార్పణ జరిగెను. భయపెట్టియు, తోటివానితో పోల్చియు నేర్పునది విద్య కాదని కృష్ణమూర్తి జీవితాంతము బోధించెను. 1953లో వెలువడిన ఆయన విద్యాగ్రంథమునకును అదియే ప్రాణము. వరండాలో నిలిచిన బాలుని అనుభవమే ఇందు పలికినదని నా ఊహ. కొన్ని దశాబ్దుల పిదప ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రము పరిసర పల్లెలలో చిన్న బడులు నెలకొల్పి, పాఠమును అట్టముక్కలుగా విభజించి, ప్రతి బిడ్డయు తన నడకలోనే మెట్టుమెట్టుగా సాగు ఏర్పాటు చేసెను. జ్వరముచేతనో, వేరుసెనగ కోతలచేతనో పది దినములు రాలేకపోయిన పిల్లవాడు తాను విడిచిన యట్ట దగ్గరనే మరల మొదలిడును. అతనిని వెనుకబడినవాడని ఎవరును అనరు. ఆ బడులలో చెప్పువారు ఆ పల్లెల యువతీయువకులే గనుక, ఏ బిడ్డ ఏ యింటినుండి వచ్చుచున్నదో, ఆ యింట నిన్న ఏమి జరిగినదో వారికి తెలియును.