ఇంటింటి లెక్క: ఆరోగ్యవరం నేర్పిన పాఠం

 ఈసారి సావనీరుకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని పెద్దలు అడిగినారు. రాజుల సంగతి కాక, మన పక్కనే జరిగిన ఒక జబ్బు చరిత్ర వ్రాస్తున్నాము.

పూర్వం ఊళ్లో ఎవరు పుట్టినదీ, ఎవరు పోయినదీ గ్రామ మునసబు చిట్టాలో వ్రాసేవాడు. కలరా, మశూచికం లాంటివి తగిలితే పైఅధికారులకు కబురు పోయేది. చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. అంటువ్యాధిని గుర్తించిన వైద్యుడు ఆ సంగతి అధికారులకు తెలుపవలెనని అది విధించింది.

అయితే కలరా రెండు రోజుల్లో బయటపడుతుంది. క్షయ అట్లా కాదు. ఉర్దూలో మనం దిఖ్ అనే ఈ జబ్బు నెలల తరబడి, ఒక్కోసారి ఏండ్ల తరబడి మనిషిని లోలోపలే తినేస్తుంది. చావుల చిట్టా చూసి బ్రతికున్న రోగిని కనుక్కోవడం ఎట్లా?

దీనికి దారి చూపినవారు మన ప్రాంతంలోనే ఉండినారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర, ఆరోగ్యవరంలో, 1915లో క్రైస్తవ మిషన్లు కలిసి క్షయ ఆస్పత్రి తెరిచినాయి. దాని మొదటి పెద్ద డాక్టరు డెన్మార్కు దేశస్థుడు క్రిస్టియన్ ఫ్రీమోట్ మోలర్. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

1950 నుండి 1955 వరకు అక్కడివారు ఇంకొక పని చేసినారు. రోగి వస్తాడులే అని కూర్చోక, మదనపల్లెలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ తామే తిరిగినారు. జనాన్ని లెక్క వ్రాసుకొని, చేతికి సూది వేసి చర్మ పరీక్ష చేసి, ఛాతీకి ఎక్స్‌రే తీసి, అనుమానం ఉన్నవారి కఫం పరీక్షించినారు. 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ వివరాలు అచ్చయినాయి. 1955-58లో దేశంలో ఆరు ప్రాంతాల్లో జరిగిన క్షయ సర్వేలో కూడా మదనపల్లె ఒకటి. క్షయ పట్నవాసుల జబ్బు అనుకొనేవారు. పల్లెల్లోనూ దాదాపు అంతే ఉన్నదని ఆ సర్వేలో తేలింది.

1956లో మద్రాసులో మొదలైన పరిశోధన మరో మంచి మాట చెప్పింది. ఇంట్లోనే ఉండి సరిగా మందులు మింగినవారికీ ఆస్పత్రిలో ఉన్నవారితో సమానంగా గుణం కనిపించింది. అంటే రోగిని వెలివేయనక్కరలేదు. వేళకు కనుక్కొంటే చాలు.

మశూచికం కథా ఇదే. 1973లో ఉత్తరాది రాష్ట్రాల్లో ఇంటింటి గాలింపు మొదలైంది. బొమ్మ కార్డులు చూపి, ఇట్లాంటి పొక్కులు ఎవరికైనా ఉన్నాయా అని బడిపిల్లలను సైతం అడిగినారు. 1975లో దేశంలో చివరి కేసు, 1980లో లోకమంతా మశూచికం పోయిందని ప్రకటన. టీకా ఎంత పని చేసిందో, కబురు కూడా అంత పని చేసింది.

ఇంత చదివి కూడా మేము ఒక తప్పు చేసినాము. కొన్నేండ్ల కిందట మా తరగతిలో ఒక పిల్లవాడు బడికి రావడం మానినాడు. హాజరు పట్టీలో రోజూ గైరుహాజరు వేస్తూ పోయినాము. నెల దాటినాక ఇంటికి పోతే, తండ్రి మంచాన పడి దగ్గుతున్నాడు. పిల్లవాడు బదులుగా పనికి పోతున్నాడు. "ఎవరికీ చెప్పవద్దు సార్, పెద్దపిల్లకు సంబంధం మాట్లాడుతున్నాము" అన్నది తల్లి. సరేనమ్మా అని వచ్చేసినాము. వాళ్ల పరువు కాపాడినామనుకొన్నాము. తండ్రి దక్కలేదు. కొన్ని నెలలకు ఆ పెద్దపిల్లకే కఫంలో నెత్తురు పడింది. పూర్తిగా మందులు మింగి బాగుపడింది, పెళ్లీ అయింది. కాని ఆ రోజు మేము వెంటబెట్టుకొని ఆస్పత్రికి తీసుకుపోయి ఉంటే ఆ ఇంటి పెద్ద ఉండేవాడేమో అని ఇప్పటికీ నిద్ర పట్టని రాత్రులున్నాయి.

2012 మే నుండి ప్రైవేటు డాక్టర్లు సైతం క్షయ కేసులను ప్రభుత్వానికి తెలపాలి. ఈ కబురు రోగిని శిక్షించడానికి కాదు. పేరు నమోదైతే మందులు ఉచితం. మంచి తిండికి 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు ఇస్తున్నారు.

కనుక మా మనవి ఇది. రెండు వారాలు దాటి దగ్గు ఉన్నవారిని కఫం పరీక్షకు మీరే తోడుపోయి చూపించండి. తిరుపతిలోగాని చిత్తూరులోగాని ప్రతి మొహల్లాకు ఒకరిద్దరు సభ్యులు ఈ పని నెత్తిన వేసుకోవాలి. రోగి పేరు వీధిలో చెప్పవద్దు, డాక్టరు దగ్గర దాచవద్దు. మేము మా వంతుగా, వారం రోజులు బడికి రాని పిల్లవాడి ఇంటికి ఇప్పుడు తప్పకుండా పోతున్నాము.