నడుచుచున్న యంత్రపు నాడి

శరీరమును కోయకయే, మణికట్టుపై మూడు వ్రేళ్లుంచి లోపలి సంగతి గ్రహించుట వైద్యునకు నాడీజ్ఞానము. పనిలోనున్న కంప్యూటరును ఆపకయే దాని లోపలి సంగతి తెలిసికొను విద్యయు ఒకటి గలదు. దాని చరిత్రను మనమిచ్చట సంగ్రహముగా చెప్పుకొందము.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మింపబడిన ఎడ్సాక్ యంత్రము 1949 మే 6వ తేదీన తొలిసారి పనిచేసి, వర్గసంఖ్యల పట్టికను ముద్రించెను. యంత్రమునకు వ్రాసి యిచ్చు ఆదేశములలో తప్పులు దొర్లుట ఎంత సులభమో అనతికాలముననే తెలియవచ్చెను. 1951లో స్టాన్లీ గిల్ ఒక ఉపాయమును ప్రకటించెను. తనిఖీ ప్రోగ్రామొకటి అసలు ప్రోగ్రామునందలి ఆదేశములను ఒక్కొక్కటిగా తానే నడపుచు, వాని జాడను టెలిప్రింటరుపై ముద్రించును. తప్పు దొరకును, కాని పని మిక్కిలి నెమ్మదించును.

అర్ధశతాబ్దము గడచెను. బ్యాంకులును, టెలిఫోనులును కంప్యూటర్లపై ఆధారపడెను. వానిని ఆపి పరీక్షించినచో జనుల పనులు నిలిచిపోవును. మరల నడపినపుడు తప్పు కంటబడకపోవుటయు కద్దు. ఈ చిక్కును విప్పుటకు సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో బ్రయన్ కాంట్రిల్, మైకేల్ షాపిరో, ఆడమ్ లెవెంథాల్ అను మువ్వురు డీట్రేస్ అను సాధనమును రూపొందించిరి. అది 2005లో సొలారిస్ 10తో వెలువడెను.

ప్రోగ్రామనగా ఫంక్షనులను పనివాండ్ర సమూహము. ఒకటి మరియొకదానిని పిలుచునపుడు, ఏ ఫైలును తెరువవలెనో, ఎన్ని బైట్లు వ్రాయవలెనో తెలుపు విలువలను చేతికిచ్చును. ఇవియే ఆర్గ్యుమెంట్లు. నేటి 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రములపై, లినక్సునందు, మొదటి 6 పూర్ణాంకముల వరకు రిజిస్టర్లలోనే యుండును. ఫంక్షను తొలి బైటు స్థానమున 204 అను సంఖ్యనుంచినచో, ప్రాసెసరు అచ్చటికి వచ్చినంతనే క్షణకాలము నిలిచి, యంత్రమునంతటిని పాలించు కెర్నెలుకు కబురు చేయును. కెర్నెలు రిజిస్టర్లను చదివి, తొలగించిన ఆదేశమును నెరవేర్చి, ప్రోగ్రామును ముందునకు సాగనిచ్చును. పరిశీలన ముగిసిన పిదప పాత బైటు యథాస్థానమును చేరును.

వాకిటనే చదువవలెననుట ఇందలి ముఖ్యసూత్రము. లోపలికి పోయిన పిమ్మట అవే రిజిస్టర్లు వేరు పనులకు వినియోగపడును. ఫైలు పేరు వంటి వానికి రిజిస్టరులో చిరునామా మాత్రమే దొరకును. ఆ చిరునామాకు పోయి అక్షరములను చదువవలెను. ఫలితముతో పోల్చి చూడగోరువారు విలువను ప్రవేశమున దాచి, నిష్క్రమణమున తీయుదురు.

నాడి చూచువాని వలన రోగికి హాని కలుగరాదు. అందుచేతనే డీట్రేస్ భాషలో పునరావృత్తికి తావీయలేదు. లినక్సునందు 2014లో ప్రవేశించిన ఈబీపీఎఫ్ సైతము, పరిశీలన ప్రోగ్రామును నడపుటకు ముందే, అది ముగియునా, తాకరాని స్మృతిని తాకునా అని పరీక్షించును.

అయినను యంత్రమునకు హాని లేదన్నంత మాత్రమున మనుష్యులకు లేదనరాదు. ఆర్గ్యుమెంట్లలో రహస్యపదములును, సొంత జాబులును ఉండవచ్చును. కావుననే ఈ సాధనములు సామాన్యముగా యంత్రాధికారికే లభించును. ఏది చూడవలెనో ఎరుగుట ఎంత విద్యయో, ఏది చూడరాదో ఎరుగుటయు అంత విద్యయే.