సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (17 ఆగస్టు 1909 – 11 జూన్ 1963) హైదరాబాద్‌కు చెందిన ఫుట్‌బాల్ శిక్షకుడు. వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆయన శిక్షణలో భారత జట్టు ఆసియా క్రీడల్లో రెండుసార్లు స్వర్ణం గెలిచింది. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్.

బడి నుంచి మైదానానికి

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఆడారు. తర్వాత కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేశాక పిల్లల ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. ఏ పదవిలో ఉన్నా, తెలియనిది విడమరిచి నేర్పే పంతులు స్వభావం ఆయనను వీడలేదు.

సిటీ పోలీస్ జట్టు

ఆయన చేతికి వచ్చాక సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చింది. ఈ జట్టే తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు అయింది.

శిక్షణ పద్ధతి

రహీం లోపాన్ని తిట్టి వదిలేయలేదు, దాన్ని దిద్దేందుకు ప్రత్యేక పోటీలే పెట్టారు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. మరో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటమున్న కుర్రాడు ఎడమకాలితో తడబడుతూ, తడబడుతూనే నేర్చుకునేవాడు. పొట్టివాళ్లకు వేరే పోటీలు ఉండేవి.

ప్రతిభ కనిపిస్తే పేదరికం అడ్డు కాకుండా చూసేవారు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం, పోలీసులు పారేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర బూట్లు చేయించుకుని ఆడిన కుర్రాడు. నగరానికి రావడానికి డబ్బుల్లేవంటే, రోజూ సైకిలు అద్దె తానే ఇస్తానన్నారు రహీం. ఆ కుర్రాడు 1956లో ఒలింపిక్స్ ఆడాడు.

భారత జట్టు

1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో రహీం శిక్షణలోని భారత్ 1–0తో ఇరాన్‌ను ఓడించింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో చాలామంది ఉత్తకాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 1–10తో చిత్తుగా ఓడారు. ఆ తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం ఆట తీరునూ మార్చారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి జరిపి, ముందు వరుసను ఎదుటివారికి అంతుచిక్కకుండా చేశారు. 1956 మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాపై 4–2తో గెలిచి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. చివరికి నాలుగో స్థానం దక్కింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌ను 1–1తో నిలువరించింది.

జకార్తా, 1962

జకార్తా ఆసియా క్రీడల నాటికే రహీంకు ఊపిరితిత్తుల క్యాన్సర్. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2–0తో భారత్‌ను ఓడించింది. ఫైనల్లో మళ్లీ అదే జట్టు ఎదురైంది. ముందు రాత్రి ఆటగాళ్లను కూర్చోబెట్టి, రేపటి స్వర్ణమే తనకివ్వాల్సిన కానుక అని అడిగారు. సెప్టెంబరు 4న స్టేడియమంతా భారత్‌కు వ్యతిరేకంగా హోరెత్తుతుండగా, పి.కె. బెనర్జీ మొదటి గోల్ కొట్టాడు. తల గాయానికి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా దింపారు. రెండో గోల్ అతనిదే. భారత్ 2–1తో గెలిచింది.

తర్వాత

తొమ్మిది నెలలకు రహీం కన్నుమూశారు. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ ఒలింపిక్ జట్టు సభ్యుడు, తర్వాత ఫిఫా రిఫరీ. పి.కె. బెనర్జీ పేరుమోసిన కోచ్ అయ్యాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. రహీం జీవితంపై 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చింది. జకార్తాలో ఆయన అడిగి పుచ్చుకున్న కానుక తర్వాత, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరో స్వర్ణం రాలేదు.