796 పద్దు: బడ్జెట్‌లో మన వాటా ఎట్లా వచ్చింది, ఎక్కడ ఆగుతోంది

పోస్టు కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

మేము హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే పిల్లలం. పోయిన మార్చిలో మెస్ బిల్లు రాలేదని కూరగాయలాయన అప్పు ఆపేశాడు. మూడు వారాలు నీళ్ల చారే. అడిగితే "బిల్లు పెట్టాం, బడ్జెట్ రాలేదు" అన్నారు. అసెంబ్లీలో పాసైన బడ్జెట్ మళ్లీ "రాకపోవడం" ఏంటి? ఈ ప్రశ్న పట్టుకునే వెనక్కి వెళ్లి చదివాం.

మన మీద సర్కారు డబ్బు ఖర్చు పెట్టడం సంక్షేమంతో మొదలు కాలేదు, కాపలాతో మొదలైంది. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే బాపట్ల దగ్గర ఎరుకల వాళ్ల కోసం స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. పేరు కూడా హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్లదొరదే. ఊరు దాటాలంటే పర్మిషన్, రోజూ హాజరు. మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయింది గానీ, దాని బదులు మనకంటూ బడ్జెట్‌లో వాటా రాలేదు.

ఆ మాట అయిదో పంచవర్ష ప్రణాళికలో, 1974-75లో వచ్చింది. అదే గిరిజన ఉపప్రణాళిక, మనం సబ్‌ప్లాన్ అంటున్నది. అయితే అందులో ముందు లెక్కలోకి వచ్చింది గిరిజనులు సగానికి పైగా ఉన్న ప్రాంతాలు. అంటే ఏజెన్సీ. మరి మన సంగతి? గుంటూరు, ప్రకాశం మైదానాల్లో యానాదులు కాలవ గట్ల మీద, ఎరుకలు ఊరి చివర, సుగాలీలు తండాల్లో చెదిరి ఉన్నారు. నల్లమల చెంచులకు శ్రీశైలం ఐటీడీఏ, యానాదులకు నెల్లూరు ఐటీడీఏ వచ్చాయి. అయినా పత్తి చేలల్లో, మిరప చేలల్లో కూలికి పోయే చాలామందికి ఐటీడీఏ ఆఫీసు అంటే ఎక్కడో దూరంగా ఉండేదే.

ఉపప్రణాళిక చాలా ఏళ్లు మార్గదర్శకంగానే నడిచింది. చట్టం కాదు కాబట్టి డబ్బు మళ్లించినా, మిగిల్చినా అడిగే దిక్కు లేదు. ఢిల్లీలో దళితుల ఉపప్రణాళిక నిధులు వందల కోట్లు కామన్వెల్త్ క్రీడలకు పోయిన సంగతి 2010లో పార్లమెంటు దాకా వెళ్లింది. మన రాష్ట్రంలో దళిత, గిరిజన సంఘాలు రోడ్డెక్కాయి. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి కాకి మాధవరావు లాంటి పెద్దలు లెక్కలు తీసి చూపించారు. 2012 డిసెంబరులో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది, 2013లో అది చట్టమైంది. జనాభా ఎంతో వాటా అంత ఉండాలన్నది దాని మూలసూత్రం. 2011 లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మనం నూటికి సుమారు అయిదున్నర. చట్టం గడువు పదేళ్లే. 2023 జనవరిలో ఆర్డినెన్స్ తెచ్చి ఇంకో పదేళ్లు పొడిగించారు. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో వేరే చట్టం చేసుకుంది.

ఇక డబ్బు నడిచే దారి చూడండి. రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం ఏటా ఆదాయ వ్యయాల పట్టిక సభ ముందు పెట్టాలి. 203 ప్రకారం శాఖల వారీగా ఓటు, 204 ప్రకారం ద్రవ్య వినిమయ బిల్లు. ఇవి అయితే గానీ ఖజానా నుంచి పైసా కదలదు. బడ్జెట్ పుస్తకాల్లో మన డబ్బుకు గుర్తు 796 అనే మైనర్ హెడ్. కానీ ఓటుతో పని అయిపోదు. ఆర్థిక శాఖ రిలీజ్ ఆర్డర్ ఇవ్వాలి, ఆఫీసరు బిల్లు పెట్టాలి, ట్రెజరీ పాస్ చేయాలి. 2018 నుంచి ఇదంతా సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో నడుస్తోంది. మధ్యలో అంచనాలు సవరిస్తారు. మార్చి 31 దాటితే ఖర్చు కాని కేటాయింపు మురిగిపోతుంది. "బడ్జెట్ రాలేదు" అంటే సభ ఇచ్చింది, విడుదల కాలేదు అని అర్థం.

ఇంకో చిక్కు కూడా ఉంది. విడగొట్టలేని పెద్ద పనుల్లో కొంత భాగాన్ని సబ్‌ప్లాన్ ఖర్చుగా చూపించే వీలు చట్టంలోనే ఉంది. కాగితం మీద వాటా నిండుతుంది, తండాకు మాత్రం నీళ్ల ట్యాంకు రాదు.

మనకు తెలిసిన సంగతితో చెప్తాం. మన ఇళ్లలో కౌలుకు మిరప వేసినవాళ్లు టిక్కీలు గుంటూరు యార్డుకు తోలి, పట్టీ తెచ్చుకుంటారు. పైన మొత్తం పెద్దగా ఉంటుంది. కమీషన్, హమాలీ, పాత అప్పు పోను చేతికొచ్చేది కింద ఉంటుంది. చదువు రాని మా నాన్నలు పై అంకె విని సంతోషపడి, కింద అంకె చూసి దిగులుగా బస్సెక్కేవాళ్లు. బడ్జెట్ కూడా అంతే. పేపర్లో వచ్చేది పై అంకె. దాని తర్వాత సవరించిన అంచనా, ఆ తర్వాత అసలు ఖర్చు. ఆ మూడో అంకె రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పుస్తకంలో ఉంటుంది. అది వచ్చేసరికి మన డిగ్రీ అయిపోవస్తుంది.

మార్చి నెల చూడండి. మన అమ్మలు మిరప కోతల్లో ఘాటుకి దగ్గుతూ ఉంటారు. సరిగ్గా అదే నెలలో వాళ్ల పేరు మీద రాసిన డబ్బు ఖర్చు కాకుండా మురిగిపోతుంది. అడిగే టైం వాళ్లకు లేదు. అంకెలు చదవడం వచ్చిన మొదటి తరం మనం, అడగాల్సింది మనమే. 796 పద్దు కింద ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయింది అని ఈ మూడు ప్రశ్నలు ఒక్క కాగితం మీద రాసి సమాచార హక్కు కింద అడగండి. ప్రతి హాస్టల్ నుంచి ఒక్కరు అడిగినా చాలు. పట్టీలో కింద అంకె చదివేవాడు ఇంట్లో ఒకడున్నాడని తెలిస్తే, కోత పెట్టే చెయ్యి కొంచెం ఆగుతుంది.