ఆళ్లగడ్డ పరాయి రాజ్యమైన కాలం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లా పటం తీసుకుని, దాని మీద 1830 నాటి ఎల్లలు పెన్సిలుతో గీసి చూడండి. కోవెలకుంట్ల ఈస్టిండియా కంపెనీది. నంద్యాల, సిరివెళ్ల, ఆళ్లగడ్డ, ఆత్మకూరు, శ్రీశైలం కర్నూలు నవాబువి. కర్నూలును అప్పటివాళ్లు కందనూరనీ, కందనవోలనీ అనేవారు. బనగానపల్లె ఇంకో నవాబుది. కృష్ణ దాటితే నిజాం రాజ్యం. కోవెలకుంట్ల నుంచి బనగానపల్లె మీదుగా నంద్యాలకు ఎడ్లబండి కట్టినవాడు పొద్దున దొరల ఏలుబడిలో బయల్దేరి, మధ్యలో ఒక నవాబు గడ్డ దాటి, చివరికి మరో నవాబు ఊళ్లో బండి దిగేవాడు.

చెప్పబోయేది టూరిస్టు వీసాల చరిత్రే. మరి ఎడ్లబండి ఎక్కించాడేమిటని అనుకోవద్దు. కడప వైపు నుంచి దువ్వూరు దాటి వచ్చే బాటసారికి ఆనాడు ఆళ్లగడ్డే ఫారిన్. అలా వచ్చినవాళ్లలో ఒకాయన చూసిందీ, కట్టిందీ, తిట్టుకున్నదీ అన్నీ రాసిపెట్టాడు.

ఆయన ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసీ. 1830 మే 18న చెన్నపట్టణం తండయారువీడులోని తన తోట ఇంటి నుంచి కాశీకి బయల్దేరాడు. తల్లి, భార్య, బంధువులు, బోయీలు, పనివాళ్లు అంతా కలిపి వందమంది దాకా జనం, పల్లకీలు, డేరాలు. పోయే దారిలో చూసినవన్నీ చెన్నపట్టణంలో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు ఎప్పటికప్పుడు రాసి పంపాడు. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. 1836లో ఆయన పోయాక, 1838లో ఆ స్నేహితుడే వాటిని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించాడు. మనవాళ్లు దాన్ని తెలుగులో తొలి యాత్రాగ్రంథమంటారు. నాకైతే అది ఖర్చుల లెక్క తెలిసిన మనిషి రాసిన పుస్తకంగానే ఎక్కువ ఇష్టం. ఏ రేవులో ఎవడు ఎంత గుంజాడో, ఏ ఊళ్లో బియ్యం దొరుకుతాయో, ఎక్కడ నీళ్లు బాగుంటాయో ఆయన మరిచిపోడు.

కడప దాటాక ఆయన దారి మన ప్రాంతంలోకి వచ్చింది. అహోబిలం, మహానంది చూసుకుని, ఆత్మకూరు మీదుగా నల్లమల అడవి ఎక్కి శ్రీశైలం చేరాడు. ఇదంతా కందనూరు నవాబు గులాం రసూల్ ఖాన్ ఏలుబడి. శ్రీశైలం వెళ్లే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు హాశీలు వసూలు చేసేవాళ్లు. మనిషికింత, గుర్రానికింత, గుళ్లో అభిషేకం చేయిస్తే దానికి వేరే ఇంత. శివరాత్రి వస్తే నవాబుకు పంట పండినట్టే. ఇంత పుచ్చుకునీ గుడి బాగోగులు పట్టించుకోడని వీరాస్వామికి ఒళ్లు మండింది. అడవిలో దారి చూపే చెంచులకూ యాత్రికుడు ఇచ్చుకోవాల్సిందే. ఆ ఇచ్చుకోవడం మీద మాత్రం నాకు ఫిర్యాదేమీ లేదు. పెద్దచెరువు దాటాక ఆ అడవిలో మనిషిని క్షేమంగా నడిపించగలిగింది వాళ్లే.

ఆ వసూలులో గమనించాల్సింది ఒకటుంది. ఏ ఊరివాడివి, ఎందుకొచ్చావు, ఎన్నాళ్లుంటావు, తిరిగి ఎప్పుడు పోతావు అని నవాబు మనుషులకు అక్కర్లేదు. తలలు లెక్కపెట్టారు, రూకలు పుచ్చుకున్నారు, పొమ్మన్నారు. తిరిగి రాకపోతే వాళ్లకు పోయేదేమీ లేదు. అసలు ఆ రోజుల్లో కాశీకి పోయేవాడు తిరిగొస్తాడన్న నమ్మకం ఇంట్లోవాళ్లకే తక్కువ.

నవాబును ఒక్కణ్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. వీరాస్వామికి నెలజీతమిచ్చే కంపెనీ ప్రభుత్వమే ప్రయాగలో, గయలో, పూరీలో యాత్రికుల మీద పన్ను వేసేది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధన మీద సొమ్ము చేసుకుంటోందని ఇంగ్లండులో పాదిరీలు ఏళ్ల తరబడి గోల చేస్తే 1840లో చట్టం చేసి ఎత్తేశారు. హిందూ యాత్రికుడికి పన్ను తప్పించింది పాదిరీల కోపమన్నమాట.

ఇక్కడి హద్దు అంతకు ఏడాది ముందే చెరిగిపోయింది. గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని కంపెనీ 1839 అక్టోబరులో కర్నూలు మీదికి సైన్యాన్ని పంపి, జోహరాపురం దగ్గర ఆయన్ను పట్టుకుంది. తిరుచినాపల్లికి పంపితే మరుసటేడు అక్కడే హత్యకు గురయ్యాడు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలు కంపెనీ చేతికొచ్చాయి. కోవెలకుంట్లనూ వీటితో కలిపి 1858లో కర్నూలు జిల్లా చేశారు. దువ్వూరు నుంచి ఆళ్లగడ్డకు రావడం అప్పటి నుంచి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడమే.

బనగానపల్లె మాత్రం అలాగే మిగిలింది. 1948 ఫిబ్రవరిలో మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా అది ప్రత్యేక సంస్థానం. ‘అరుంధతి’ సినిమాలో చూపించిన కొండమీది బంగళా ఆ నవాబులదే. పాణ్యం వాడూ బనగానపల్లె వాడూ ఒకే సంతలో బేరమాడేవాళ్లు, ఒకే మామిడిపండు తినేవాళ్లు. ఇద్దరూ కలిసి రంగూనుకో లండనుకో పోదామని పాస్‌పోర్టు తీసుకుంటే మాత్రం తేడా పడేది. పాణ్యం వాడు బ్రిటిష్ ప్రజ. బనగానపల్లె వాడు బ్రిటిష్ రక్షణలో ఉన్న సంస్థానపు మనిషి. ఇరవై, ముప్పై కిలోమీటర్ల తేడాకు ఇద్దరి పుస్తకాల్లో రెండు రకాల రాత.

ఆ పాస్‌పోర్టు కూడా అంత పాతదేమీ కాదు. 1914 యుద్ధానికి ముందు ప్రపంచంలో చాలాచోట్లకు చేతిలో కాగితం లేకుండానే ఓడెక్కి పోవచ్చు. యుద్ధంలో గూఢచారుల భయం పట్టుకుంది, ప్రతి దేశమూ రేవులో కాపలా పెట్టింది. యుద్ధం అయిపోయింది గాని కాపలా పోలేదు. 1920లో మన దేశంలోకి వచ్చేవాళ్లకు పాస్‌పోర్టు ఉండాలని చట్టం వచ్చింది. అదే ఏడాది పారిస్‌లో నానాజాతి సమితి సమావేశం పెట్టి, పాస్‌పోర్టు పుస్తకం ఎలా ఉండాలో తేల్చింది. ఇప్పుడు మన బీరువాల్లో ఉన్న చిన్న పుస్తకం దాని సంతానమే.

నంద్యాల ముస్లిం కుటుంబాలకు విదేశమంటే ముందుగా హజ్. రైలెక్కి బొంబాయి, అక్కడి నుంచి ఓడలో జెడ్డా. తెల్లదొరల హయాంలో యాత్రికులకు పిల్‌గ్రిమ్ పాస్ ఉచితంగా ఇచ్చేవాళ్లు. ఓడల్లో జనాన్ని కుక్కుతున్నారని గగ్గోలు పుట్టి, 1886లో టికెట్ల ఏర్పాటును థామస్ కుక్ కంపెనీకి అప్పగించారు. సంపన్నుల విహారయాత్రలకు పేరుపడిన కంపెనీ, పేద హాజీల చెక్కపెట్టెలు మోయించాల్సి వచ్చింది. కొన్నేళ్లకే అది కిట్టుబాటు కాక వదులుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ మారకం కరువు. 1959లో రిజర్వు బ్యాంకు హజ్‌కు వెళ్లేవాళ్ల కోసం ప్రత్యేకంగా పది, వంద రూపాయల నోట్లు అచ్చేసింది. ఇక్కడి అంగట్లో చెల్లవు, అక్కడ మార్చుకోవాలి. 1995 వరకు ముంబయి నుంచి ఓడ నడిచింది. పిల్‌గ్రిమ్ పాస్ ఇంకా చాలాకాలం బతికి, 2009 నుంచి హాజీలకూ మామూలు అంతర్జాతీయ పాస్‌పోర్టు తప్పనిసరయ్యాక పోయింది.

స్వతంత్ర భారతంలో కూడా చాలాకాలం పాస్‌పోర్టు మన హక్కు కాదు, సర్కారు దయ. ఇస్తే ఇచ్చారు, లేకపోతే లేదు, కారణం చెప్పక్కర్లేదు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చెయ్యమని అధికారులు అడిగితే ఆయన సుప్రీంకోర్టుకెక్కాడు. విదేశానికి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967 ఏప్రిల్ 10న అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు తేల్చారు. ప్రభుత్వం హడావుడిగా ఆర్డినెన్సు తెచ్చి, ఆ జూన్‌లోనే పాస్‌పోర్టుల చట్టం చేసింది. బనగానపల్లె విలీనమై ఇరవై ఏళ్లు కావస్తుండగా అప్పుడొచ్చింది చట్టం.

పాస్‌పోర్టు లోపలి పేజీలో రాష్ట్రపతి పేరు మీద ఒక అభ్యర్థన ఉంటుంది, ఈ మనిషిని అడ్డులేకుండా పోనివ్వమని. 1977 మార్చి ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. జనతా పార్టీకి దక్కిన ఒక్కటీ నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. ఆ జులైలో రాష్ట్రపతి అయ్యారు. అలా అయిదేళ్లపాటు ప్రతి భారతీయుడి పాస్‌పోర్టూ నంద్యాల నుంచి గెలిచిన మనిషి పదవి పేరుమీద వెలువడింది. 1980 నుంచి 84 దాకా పాస్‌పోర్టు ఆఫీసులున్న విదేశాంగ శాఖను చూసిన పి.వి.నరసింహారావు, 1991 నవంబరు ఉప ఎన్నికలో ఇదే నంద్యాల నుంచి లోక్‌సభకు వెళ్లారు. దీనివల్ల నంద్యాల వాళ్లకు పాస్‌పోర్టులు త్వరగా వచ్చాయా అంటే, అలాంటి దాఖలాలేమీ లేవు.

పాస్‌పోర్టు మన సర్కారు చేతిలోది. వీసా అవతలివాడి చేతిలోది. ఇంజనీరింగు చదువుల తర్వాత నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలు అమెరికా చేరారు. వాళ్లకు పిల్లలు పుట్టే వేళకు ఇక్కడున్న అమ్మానాన్నలు టూరిస్టులయ్యారు. నయాగరా చూడటానికి కాదు, కూతురి కాన్పు చూడటానికి. వీసా కాగితం మీద మాత్రం పర్యాటకులే. హైదరాబాదులో వీసాలు ఇవ్వడం మొదలయ్యేదాకా ఆ స్టాంపు కోసం మద్రాసు పోవాలి. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో హైదరాబాదు కాన్సులేట్ తెరిచారు. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. నంద్యాల నుంచి మూడు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరొచ్చు.

తతంగమంతా తెలిసిందే. డీఎస్-160 ఫారం నింపాలి. 2023 జూన్ నుంచి 185 డాలర్ల ఫీజు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. వేలిముద్రలకు ఒకరోజు, ఇంటర్వ్యూకు మరోరోజు. కొవిడ్ తర్వాత 2022లో మొదటిసారి అడిగేవాళ్లకు స్లాటు దొరకడమే గగనమై, రెండేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. 2023 ఆరంభంలో ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయమే బ్యాంకాక్ పోయి అక్కడ ఇంటర్వ్యూ ఇవ్వొచ్చని ప్రకటించింది. అమెరికా పోవడానికి ముందు థాయ్‌లాండ్ పోవాలన్నమాట. ఊళ్లో పెద్దవాళ్లకు ఇది నచ్చజెప్పలేక కన్సల్టెన్సీ కుర్రాళ్లు తల పట్టుకున్నారు.

ఇంటర్వ్యూలో అసలు మెలిక 1952 నాటి అమెరికా వలస చట్టంలో ఉంది. 214(బి) సెక్షను ప్రకారం వీసా అడిగిన ప్రతివాడూ అక్కడే ఉండిపోయేవాడని ఆఫీసరు ముందే అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవడం అడిగినవాడి పని. అందుకే రిటైరైన హెడ్‌మాస్టరు పెన్షన్ పత్రం, పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, బ్యాంకు డిపాజిట్లు, సీఏ చేత వేయించిన ఆస్తి విలువ అన్నీ ఒక ఫైలులో పెట్టుకుని లైన్లో నిలబడతాడు. కేసీ కాలువ కింద మూడెకరాలున్న రైతుకు తన మాగాణి మీద తనకున్న మమకారాన్ని అద్దం అవతల కూర్చున్న పరాయివాడికి నిరూపించాల్సిన అవసరం వస్తుందని కలలోనైనా తోచి ఉండదు. చాలాసార్లు ఆఫీసరు ఆ ఫైలు తెరవడు. రెండు మూడు నిమిషాలు మాట్లాడి, మాటతీరును బట్టే తేల్చేస్తాడు. ఇంటర్వ్యూ తెలుగులోనే ఇవ్వొచ్చు. అది తెలియక ఇంగ్లీషు ముక్కలు బట్టీపట్టి తడబడి, రిజెక్ట్ చేయించుకుని వచ్చినవాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు.

దీని మందు చిలుకూరులో ఉందని కొందరి నమ్మకం. పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, వీసా పడ్డాక నూట ఎనిమిది. హైదరాబాదు శివార్లలోని ఆ బాలాజీకి వీసా దేవుడన్న పేరు ఇలాంటివాళ్ల వల్లే వచ్చింది. నవాబు కాలంలో దేవుడి దర్శనానికి సర్కారు గేటు కట్టింది. ఇప్పుడు సర్కారు గేటు దాటడానికి దేవుణ్ని దర్శించుకుంటున్నాం.

కుర్రవాళ్ల సంగతి వేరు. థాయ్‌లాండ్ 2023 నవంబరులో, మలేసియా ఆ డిసెంబరులో భారతీయులకు వీసా అక్కర్లేదనడంతో టికెట్టు కొని పోయి వచ్చేస్తున్నారు. ఆదాయం కావాల్సినప్పుడు దేశాలు తలుపులు తీసి పెట్టడం కందనూరు నవాబుకూ అర్థమయ్యే వ్యవహారమే. ఆయనైతే తలకింత అని కూడా పుచ్చుకునేవాడు.

అమ్మానాన్నలకు చెప్పాల్సింది ఒకటి మిగిలింది. పదేళ్ల స్టాంపు పడగానే పదేళ్లు ఉండొచ్చనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ స్టాంపు అమెరికా గుమ్మం దాకా పోవడానికే. డల్లాస్‌లోనో షికాగోలోనో విమానం దిగాక అక్కడి అధికారి మళ్లీ అడుగుతాడు, ఎవరింటికి, ఎన్నాళ్లు, తిరుగు టికెట్టు ఉందా అని. మామూలుగా ఆరునెలలు ఇస్తాడు. ఆ గడువు తేదీ స్టాంపు మీద ఉండదు. ఆన్‌లైన్‌లో ఉండే ఐ-94 రికార్డులో ఉంటుంది. దిగిన మర్నాడే కూతురి చేతో కొడుకు చేతో అది ప్రింటు తీయించి పాస్‌పోర్టులో పెట్టుకోవాలి.